కుక్కకి స్కిన్ అలర్జీ టెస్ట్ చేయిస్తున్నారా? మత్తు విషయంలో నెల ముందు నుంచి ఆ రాత్రి దాకా ఏం చూసుకోవాలో చెప్తా

మా బంటి లాబ్రడార్, ఐదేళ్ళు దాటాయి, 32 కేజీలు. రెండేళ్ళ నుంచి పాదాలు నాకుతూనే ఉండేవాడు, వేళ్ళ మధ్య అంతా ఎర్రగా అయిపోయి, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మంచం పక్కన అదే నాకుతున్న చప్పుడు. వాడికి ఇంట్రాడర్మల్ స్కిన్ టెస్ట్ (చర్మం లోపలికి సూదులు గుచ్చి చేసే అలర్జీ టెస్ట్) రెండుసార్లు చేయించాల్సి వచ్చింది, అంటే మత్తు కూడా రెండుసార్లు ఇచ్చారు, అందులో మొదటిది పూర్తిగా వేస్ట్. అదెందుకు వేస్ట్ అయిందో ముందే తెలిస్తే మీ కుక్కకి ఆ రెండో మత్తు తప్పుతది, అందుకే కూర్చుని రాస్తున్నా. మత్తు ఇచ్చేది డాక్టరే, డోసు వాళ్ళే చూసుకుంటారు, ఇంట్లో మనం సొంతంగా ఒక్క మత్తు బిళ్ళ కూడా వేయొద్దు. అయితే ఆ మత్తు క్షేమంగా దిగాలన్నా, టెస్ట్ నిజం చెప్పాలన్నా సగం పని దానికి ముందే మన ఇంట్లో జరగాలి.

ముందు అసలు ఈ టెస్ట్ అవసరమా లేదా తేల్చుకోండి, ఎందుకంటే అవసరం లేని టెస్ట్‌కి ఇచ్చే మత్తు అవసరం లేని మత్తే కదా. ఈ టెస్ట్ "మీ కుక్కకి అలర్జీ ఉందా" అనే ప్రశ్నకి జవాబు కాదు. అలర్జీ ఉందా లేదా అనేది డాక్టర్ లక్షణాలు చూసి, ఫ్లీస్ (వెంట్రుకల్లో ఉండే చిన్న పురుగులు), గజ్జి, బ్యాక్టీరియా, ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఇవన్నీ పక్కన పెట్టి, ఫుడ్ అలర్జీ ఏమో అని కనీసం ఎనిమిది వారాలు ఒకే రకం స్పెషల్ డైట్ పెట్టి చూశాక తేలుస్తారు. ఫుడ్ అలర్జీ ఈ సూదుల టెస్ట్‌లో తెలియదు. మరి ఇది దేనికంటే, గాలిలో ఇంట్లో ఉండే వాటిల్లో ఏది పడట్లేదో పట్టుకుని, దాంతోనే అలర్జీ ఇంజెక్షన్లు తయారు చేయించడానికి. అంటే ఆ ఇంజెక్షన్లు నెలల తరబడి వేయించే ఉద్దేశం మీకు ఉంటేనే టెస్ట్‌కి వెళ్ళండి, పని చేస్తుందో లేదో చెప్పడానికే ఏడాది దాకా పడుతది. ఆ ఉద్దేశం లేకపోతే మత్తు ఇప్పించకండి. కుక్కకి గుండె జబ్బు ఉండి మత్తు రిస్క్ అనుకుంటే రక్తం తీసి చేసే అలర్జీ టెస్ట్ కూడా ఉంది, దానికి మత్తు అక్కర్లేదు, అదొకసారి అడగండి.

మత్తు ఎందుకు, పట్టుకుంటే సరిపోదా అని మా నాన్న అడిగారు. పక్కటెముకల మీద ఒక పక్క వెంట్రుకలు తీసేసి, పెన్నుతో వరసలుగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర ఒక్కో అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం) 0.05 ఎంఎల్ మాత్రమే, అదీ చర్మం లోపలి పొరలోకే పోయేలా గుచ్చుతారు, అలాంటివి 40, 50 దాకా ఉంటాయి. సూది కొంచెం కిందకి దిగినా ఆ చుక్క లెక్కకి రాదు. మెలకువగా ఉన్న కుక్క ఎంత మంచిదైనా ఇరవయ్యో సూదికి లేస్తది, లేవకపోయినా భయంతో వణుకుతూ పడుకుంటది, అది దానికీ మంచిది కాదు టెస్ట్‌కీ మంచిది కాదు. అందుకే లైట్‌గా మత్తు ఇస్తారు. మొత్తం ముప్పావు గంట పని, ఆపరేషన్‌కి ఇచ్చేంత లోతు మత్తు మామూలుగా అక్కర్లేదు.

ఇప్పుడు నెల ముందు సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి, మేం దెబ్బ తిన్నది ఇక్కడే. టెస్ట్ అంతా హిస్టమిన్ (అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దద్దు లేపే రసాయనం) మీద నడుస్తది, దురద మందుల్లో చాలా వరకు ఆ హిస్టమిన్‌నో, చర్మం లేచే ఆ రియాక్షన్‌నో అడ్డుకుంటాయి, కాబట్టి అవి ఒంట్లో ఉండగా ఎన్ని సూదులు గుచ్చినా చర్మం ఏం చెప్పదు. యాంటీ హిస్టమిన్లు, అంటే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, అటరాక్స్, అవిల్ లాంటివి కనీసం 7 రోజుల ముందు ఆపాలి, చాలామంది డాక్టర్లు ఇంకో వారం కలిపి చెప్తారు. వైసొలోన్ లాంటి నోటి స్టెరాయిడ్ కనీసం 14 రోజులు. చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు కూడా 14 రోజులు, చెవిలో వేసే చుక్కల మందుల్లో చాలా వాటిల్లో స్టెరాయిడ్ ఉంటది, అది మనకి గుర్తుకే రాదు, సీసా మీద చదవండి లేదా ఫోటో తీసి పంపండి. ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎప్పుడైనా చేయించి ఉంటే కనీసం 28 రోజులు. అపోక్వెల్, సైక్లోస్పోరిన్ అనే దురద మందులు మామూలుగా ఆపక్కర్లేదంటారు, అయినా మీ డాక్టర్ ఏం చెప్తే అది. ఇంకో మాట, నెలల నుంచి రోజూ స్టెరాయిడ్ వేస్తున్న కుక్కకి ఒక్కసారిగా ఆపేయకండి, అది ప్రమాదం, డోసు తగ్గించుకుంటూ ఎలా ఆపాలో డాక్టరే రాసివ్వాలి.

మాకేమైందంటే, బిళ్ళలన్నీ పద్ధతిగా ఆపేశాం, క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకున్నాం, కానీ టెస్ట్‌కి నాలుగు రోజుల ముందు వేరే క్లినిక్‌లో వ్యాక్సిన్ డ్యూ ఉందని వేయించాం, వాళ్ళు రియాక్షన్ రాకుండా అని వ్యాక్సిన్‌తో పాటు అవిల్ ఇంజెక్షన్ కూడా వేసేశారు. మాకు చెప్పలేదు, మేం అడగలేదు. టెస్ట్ రోజు బంటికి మత్తు ఇచ్చారు, సూదులన్నీ గుచ్చారు, పావుగంట అయ్యాక డాక్టర్ గారు లైటు దగ్గరకి లాగి మొదటి రెండు చుక్కల మీద వేలు పెట్టి తడిమి చూశారు. ఒకటి ఉత్త సెలైన్, అది లేవకూడదు. పక్కది హిస్టమిన్, అది ఏ కుక్కకైనా గుండ్రంగా, గట్టిగా, దోమ కుట్టిన దద్దులా లేవాలి. బంటికి రెండూ ఒకేలా చదునుగా ఉన్నాయి. మిగతా చుక్కలు చూడక్కర్లేకుండానే సంగతి అయిపోయింది, ఈ మధ్య ఏ ఇంజెక్షన్ చేయించారని అడిగితే వ్యాక్సిన్ ఫైలు తీసి చూశాం, అవిల్ అని రాసి ఉంది. కాబట్టి ఆ నెల రోజుల్లో వేరే ఏ క్లినిక్‌కి వెళ్ళినా లోపలికి అడుగు పెట్టగానే "అలర్జీ టెస్ట్ ఉందండి, అవిల్ గానీ స్టెరాయిడ్ గానీ వేయకండి" అని చెప్పండి, వీలైతే ఆ నెలలో వ్యాక్సిన్ పెట్టుకోకండి. మందులు ఆపాక దురద తట్టుకోలేకపోతే మాత్రం కుక్కని అలా వదిలేయొద్దు, మొహం వాచినా ఊపిరి ఆడకపోయినా టెస్ట్ సంగతి మర్చిపోయి వెంటనే చూపించండి, టెస్ట్ తర్వాతైనా చేయించుకోవచ్చు.

తర్వాత రక్త పరీక్ష. మన హైదరాబాద్‌లో పిడుదుల జ్వరం ఎంత కామనో కుక్కని పెంచే వాళ్ళందరికీ తెలుసు, ఎర్లికియా గానీ బబేసియా గానీ లోపల ఉండి కూడా కుక్క పైకి మామూలుగా తిరుగుతూ ఉండొచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోయో రక్తం తగ్గిపోయో ఉండొచ్చు. అలాంటి కుక్కకి మత్తు ఇవ్వడం వేరే లెక్క. అందుకే వారం పది రోజుల ముందే సీబీసీ (రక్త కణాల లెక్క) ప్లేట్‌లెట్లతో సహా, లివర్, కిడ్నీ, షుగర్ చేయించండి. వయసు మీద పడిన కుక్కయినా, గుండెలో మర్మర్ (తేడా చప్పుడు) ఉందని ఎప్పుడైనా చెప్పి ఉన్నా, వాకింగ్‌లో త్వరగా అలిసిపోతున్నా, రాత్రిళ్ళు దగ్గుతున్నా, గుండె జబ్బు ఎక్కువగా వచ్చే డాబర్‌మన్ జాతి అయినా ఈసీజీ, ఎకో గురించి అడగండి, ఖర్చు అనిపించినా సరే. చర్మం మీద చీము పొక్కులు, ఈస్ట్ వాసన ఉంటే ముందు అది తగ్గాలి, పుండు పడిన చర్మం మీద టెస్ట్ చేయరు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి అయినా, మీ ఏరియాలో ప్రైవేట్ హాస్పిటల్ అయినా ఈ రిపోర్టులు చేతిలో పెట్టుకుని వెళ్తే పని తేలికవుతది.

డాక్టర్‌తో మత్తు గురించి మాట్లాడటానికి మొహమాట పడొద్దు. నేను మొదటిసారి పడ్డాను, ఇంత పెద్దాయన్ని మందు పేరు అడిగితే ఏమనుకుంటారో అని. రెండోసారి నేరుగా అడిగా, "డాక్టర్ గారూ, ఏం మత్తు ఇస్తారండి, దానికి విరుగుడు ఇంజెక్షన్ మన దగ్గర ఉందా?" అని, ఆయన సంతోషంగా పది నిమిషాలు చెప్పారు. మీకు కూడా అర్థం అవ్వడానికి క్లుప్తంగా చెప్తా. ఎసిప్రొమజిన్ అనే మత్తు మందు చాలా చోట్ల వాడతారు కానీ దానికి యాంటీ హిస్టమిన్ గుణం ఉంది, దద్దులు లేవనివ్వదు, ఈ టెస్ట్‌కి పనికిరాదు. మార్ఫిన్ దానికి రివర్స్, అదే ఒంట్లో హిస్టమిన్ విడుదల చేస్తది, టెస్ట్ అటు తప్పుతది. ఈ టెస్ట్‌కి ఎక్కువగా వాడేది డెక్స్‌మెడిటమిడిన్ లేదా మెడిటమిడిన్, కొందరు దాంట్లో కొంచెం బ్యూటోర్ఫనాల్ అనే నొప్పి, మగత మందు కలుపుతారు. వీటిలో పెద్ద సౌకర్యం ఏంటంటే అటిపమజోల్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, పని అయిపోగానే కండకి వేస్తే చాలా కుక్కలు ఐదు పది నిమిషాల్లో తల ఎత్తుతాయి. బ్యూటోర్ఫనాల్‌ని అది తీసేయదు, కాబట్టి అది కలిపితే ఇంటికొచ్చాక కూడా కాసేపు మగతగానే ఉంటది. మన దగ్గర జైలజిన్ కూడా బాగా వాడతారు, చవక కూడా, అది టెస్ట్‌ని చెడగొట్టదు, వాంతులు మాత్రం ఎక్కువ, దానికీ విరుగుడు ఉంది, యోహింబిన్ అయినా అటిపమజోల్ అయినా. డెక్స్‌మెడిటమిడిన్, మెడిటమిడిన్, జైలజిన్ మూడింటికీ గుండె వేగం బాగా తగ్గిపోతది, అందుకే గుండె జబ్బు ఉన్నవాటికీ బాగా నీరసించిన వాటికీ ఇవి వద్దంటారు, షుగర్ ఉన్న కుక్కకి కూడా ముందే చెప్పాలి ఎందుకంటే ఇవి షుగర్ పెంచుతాయి.

మందు కంటే ముఖ్యంగా నేను ఇప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది, సూదులు గుచ్చేది ఒకరు, మరి కుక్కని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? గుచ్చే మనిషి చర్మం మీదే చూస్తూ ఉంటారు, చుక్కల నంబర్లు తప్పకూడదు, ఊపిరి చూడటానికి వేరే మనిషి ఉండాలి. ఆక్సిజన్ సిలిండర్, గొంతులో వేసే ట్యూబ్, పల్స్ ఆక్సీమీటర్ ఆ గదిలోనే ఉండాలి, కాలికి క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) ముందే పెట్టి ఉంచితే ఇంకా మంచిది. ఇవేమీ లేవు, "అరే ఏం కాదండి" అని మాత్రమే అంటే నేనైతే అక్కడ చేయించను. పగ్, షిట్‌జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలైతే ఇది రెండింతలు ముఖ్యం, వాటికి మామూలుగానే ఊపిరి కష్టం, మత్తులో గొంతు కండరాలు వదులైతే ఇంకా కష్టం, లేచి నిలబడేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏదైనా అయిందా, ఫిట్స్ ఉన్నాయా, కడుపుతో ఉందా, ఏ బిళ్ళలు వాడుతోంది, అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. హాస్పిటల్ అంటే బాగా భయపడే కుక్కకి ముందు రాత్రి గబాపెంటిన్ లాంటి భయం తగ్గించే మందు ఇవ్వాలా అనేది కూడా డాక్టర్‌నే అడగండి, దీపావళి టపాసుల భయానికి వేయగా మిగిలిన బిళ్ళ ఉంది కదా అని వేసేయకండి.

ముందు రోజు రాత్రి మామూలుగా తినిపించండి, కొంచెం తేలికగా. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకి సాధారణంగా 6 నుంచి 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలంటారు, నీళ్ళు పొద్దున దాకా పెట్టొచ్చు. చిన్న కుక్కపిల్లలకీ, షుగర్ ఉన్నవాటికీ ఈ లెక్క వేరు, అంతసేపు పస్తు పెట్టకూడదు, డాక్టర్ చెప్పిన టైమే పాటించండి. ఇంట్లో అందరికీ చెప్పండి, గిన్నె తీసి లోపల పెట్టేయండి. మా అమ్మకి చెప్పడం మర్చిపోయా, పొద్దున ఆరింటికి బంటి గిన్నె దగ్గర కూర్చుని చూస్తున్నాడని జాలేసి రెండు ముద్దలు పెరుగన్నం పెట్టేసింది. నేను దాచలేదు, వెళ్ళగానే చెప్పేశా, ఏడున్నర స్లాట్ కాస్తా పన్నెండున్నరకి జరిపారు. అదే మంచిదైంది, ఎందుకంటే ఈ మందులకి వాంతి వస్తది, మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. మీకూ అలా జరిగితే స్లాట్ పోతుందని దాచకండి.

అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. మధ్యాహ్నం ఎండలో మెహిదీపట్నం సిగ్నల్లో ఇరుక్కుంటే మత్తు దిగీ దిగని కుక్క తన ఒంటి వేడిని సర్దుకోలేదు. పొద్దున పెడితే సాయంత్రం దాకా హాస్పిటల్ తెరిచే ఉంటది, ఏదైనా తేడా వస్తే చూపించొచ్చు, ఇది కూడా పెద్ద లాభం. బయల్దేరే ముందు మూత్రం, దొడ్డికి తీసుకెళ్ళండి, ఈ మందులకి తర్వాత మూత్రం ఎక్కువ వస్తది కాబట్టి కారులో పాత దుప్పటి, ఒకటి రెండు డైపర్ షీట్లు వేసుకోండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు డ్రైవింగ్, ఒకరు కుక్కతో. బరువు అక్కడే, ఆ రోజే తూయించండి, మూడు నెలల కిందటి ఫైల్లో అంకె మీద డోసు వేయనివ్వకండి.

ఇంజెక్షన్ వేశాక పది పదిహేను నిమిషాలు నిశ్శబ్దం కావాలి. ఇది చాలామంది పట్టించుకోరు. పేరు పెట్టి పిలవడం, నిమరడం, ఫోన్‌లో మాట్లాడటం చేస్తూ ఉంటే మత్తు సరిగ్గా ఎక్కదు, మళ్ళీ ఇంకో డోసు వేయాల్సి వస్తది. గదిలో లైట్ తగ్గించమనండి, దూరంగా కూర్చోండి. ఈ రకం మత్తులో ఉన్న కుక్క పూర్తిగా పడుకున్నట్టే కనిపించినా గట్టి చప్పుడుకి ఒక్కసారిగా తల ఎత్తి కరవొచ్చు కూడా, మన కుక్కే కదా అని మొహం దగ్గరకి మొహం పెట్టకండి. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎండిపోకుండా జెల్ వేస్తారు. కాళ్ళు సన్నగా అదరొచ్చు. చిగుళ్ళు మామూలు కంటే పాలిపోయి కనిపిస్తాయి, గుండె నెమ్మదిగా కొట్టుకుంటది, ఇవి మందు లక్షణాలే, మొదటిసారి చూస్తే మాత్రం గుండె ఆగినంత పనవుతది. నీలంగా మారడం, ఊపిరి మధ్యలో ఎక్కువ గ్యాప్ రావడం వేరు, అప్పుడు వెంటనే చెప్పాలి.

వెంట్రుకలు తీసేటప్పుడు మెల్లగా ట్రిమ్మర్‌తో తీస్తారు, ఆ చోట స్పిరిట్ పెట్టి రుద్దరు, రుద్దితే చర్మం దానికదే ఎర్రబడిపోతది. గుచ్చాక 15 నుంచి 20 నిమిషాలు ఆగి చదువుతారు. రెండోసారి బంటి హిస్టమిన్ చుక్క శనగ గింజంత లేచింది, చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. సెలైన్ దానికీ హిస్టమిన్ దానికీ మధ్యలో ఉన్న సైజు కంటే పెద్దగా లేస్తే దాన్ని పాజిటివ్ అంటారు. వాడికి ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్లకి రెండు పెద్ద దద్దులు, వయ్యారిభామ పుప్పొడికి ఒకటి వచ్చాయి. మా కాలనీ వెనక ఖాళీ ప్లాట్ నిండా వానాకాలంలో ఆ వయ్యారిభామే, రోజూ వాకింగ్ అటే తీసుకెళ్ళేవాళ్ళం. ఆ అరగంటలో మీరు కూడా ఒక ఫోటో తీసుకోండి, చుక్కల నంబర్లు కనిపించేలా.

విరుగుడు ఇచ్చాక లేచింది కదా అని వెంటనే బయల్దేరొద్దు. తనంతట తను నిలబడి, నాలుగడుగులు తూలకుండా వేసి, పిలిస్తే చూసేదాకా అక్కడే ఉండండి. టెంపరేచర్ చూడమని అడగండి, మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటది, మత్తులో తగ్గుతది, 99 కంటే కింద ఉంటే వెచ్చబెట్టి పెరిగాకే పంపాలి. ఏ మందు ఎంత ఇచ్చారు, విరుగుడు ఎన్నింటికి ఇచ్చారు, అన్నీ ఫైల్లో రాయించుకోండి, ఎమర్జెన్సీ నంబర్ కూడా.

ఇంటికొచ్చాక ఆ రోజంతా దాన్ని కొత్తగా నడక నేర్చుకుంటున్న బిడ్డలా చూసుకోవాలి. మార్బుల్ ఫ్లోర్ మీద జారి పడతది, చల్లగా కూడా ఉంటది, బొంత పరిచి హాల్లో నేల మీదే పడుకోబెట్టండి, సోఫా వద్దు, మంచం వద్దు. బాల్కనీ తలుపు వేసేయండి, మెట్ల దగ్గర అడ్డం పెట్టండి, ఇండిపెండెంట్ ఇల్లయితే సంపు మూత వేసి ఉందో లేదో చూడండి, నీళ్ళ టబ్బు ఎత్తేయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే వేరే గదిలో పెట్టండి, తూలుతున్న కుక్క మీద పాత స్నేహితుడు కూడా తిరగబడొచ్చు. నీళ్ళు కొంచెం కొంచెంగా, తల నిలబెట్టగలిగినప్పుడే. రెండు గంటల తర్వాత వాంతి లేకపోతే రోజూ తినేదాంట్లో పావు వంతు, సాయంత్రం ఇంకొంచెం. ప్రతి అరగంటకీ పొట్ట పైకి కిందకి ఆడటం చూసి నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి, పడుకున్న కుక్కకి 10 నుంచి 30 మధ్య ఉంటది. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు గులాబీ రంగు తిరిగి రావాలి. మత్తు ఇచ్చే ముందే ఇంట్లో ఒకసారి ఇలా నొక్కి చూసి పెట్టుకుంటే మీ కుక్క మామూలు రంగు ఏంటో తెలుస్తది, బంటికి సగం చిగురు నల్లమచ్చే, ఎక్కడ నొక్కాలో ముందే వెతుక్కున్నా.

పిలిచినా కదిపినా లేవకపోవడం, మళ్ళీ గాఢంగా మత్తులోకి జారిపోవడం, ఊపిరి నిమిషానికి ఎనిమిది లోపు పడిపోవడం, చిగుళ్ళు తెల్లగా గానీ నీలంగా గానీ అవ్వడం, ఆగకుండా వాంతులు, మొహం వాపు, ఒళ్ళంతా దద్దుర్లు, వీటిల్లో ఏది కనిపించినా పొద్దున దాకా చూద్దాం అనుకోవద్దు, ఫోన్ చేస్తూనే బయల్దేరండి. మొహం వాపు, దద్దుర్లు అరుదుగా ఆ టెస్ట్ అలర్జెన్లకే ఒళ్ళు రియాక్ట్ అయి వస్తాయి.

గుచ్చిన చోట దురద పెట్టొచ్చు, గోకకుండా ఆ రాత్రికి మెడకి కోన్ గానీ పాత టీషర్ట్ గానీ వేయండి, ఆపేసిన దురద మందులు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో వచ్చే ముందే అడిగి రాసుకోండి. మర్నాడు, ఆ తర్వాతి రోజు కూడా షేవ్ చేసిన చోట వెలుతురులో చూడండి, కొన్ని చుక్కలు ఆలస్యంగా ఎర్రబడతాయి, వస్తే ఆ నంబర్ దగ్గర ఫోటో తీసి డాక్టర్‌కి పంపండి. బంటికి రెండో రోజు పొద్దున డస్ట్ మైట్ చుక్కల దగ్గర మళ్ళీ కొంచెం ఉబ్బింది, ఫోటో పంపితే కంగారు లేదని చెప్పి, సాయంత్రం నుంచి మందులు మొదలుపెట్టమన్నారు.